స్టాక్‌హోమ్‌లో రెండున్నర రోజులు: హిస్టరీ మ్యూజియం ముందా, వాసా ఓడ ముందా?

గడపదాటినకాలు:

అందరికీ నమస్కారం. అక్టోబర్ మొదటి వారంలో స్టాక్‌హోమ్ వెళ్తున్నాం. నేను, మా నాన్నగారు, మా పాప. నాన్నగారు ముప్పై ఏళ్ళు బళ్ళో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. మ్యూజియంలో ప్రతి అద్దాల పెట్టె ముందూ ఆగి, రాసిందంతా చదివితే గానీ కదలరు. పాపకి తొమ్మిదేళ్ళు. నాలుగో పెట్టె దగ్గరికి వచ్చేసరికి "ఇంకా ఎంతసేపు" మొదలుపెడుతుంది. శుక్రవారం మధ్యాహ్నం దిగుతాం, ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణం.

నాన్నగారి పట్టు ఒక్కటే, అక్కడి జాతీయ హిస్టరీ మ్యూజియం చూడాలని. మిగతా అందరూ మాత్రం వాసా ఓడ చూడకపోతే వెళ్ళడమే దండగ అంటున్నారు. రెండూ ఒకే రోజు కుదురుతాయా? ఏది ముందు? ఊళ్ళో ఇంకా ఎక్కడెక్కడ తిరగొచ్చు?

పడవపిచ్చి:

వాసా. ఇంకో మాటే లేదు.

1628 ఆగస్టు 10న మొదటిసారి బయల్దేరి, దాదాపు 1,300 మీటర్లు వెళ్ళి, జనమంతా చూస్తుండగా ఒరిగి మునిగిపోయిన యుద్ధనౌక అది. 64 ఫిరంగులు, 69 మీటర్ల పొడవు. మూడు వందల ముప్పై ఏళ్ళకు పైగా నీటి అడుగున ఉండి 1961 ఏప్రిల్ 24న పైకొచ్చింది. బాల్టిక్ నీళ్ళలో ఉప్పు తక్కువ కాబట్టి చెక్కను తినేసే ఓడపురుగు అక్కడ బతకదు. అందుకే మిగిలింది. ఇప్పుడు మీరు చూసే ఓడలో 98 శాతం అప్పటిదే. ప్రపంచంలో ఇలాంటిది రెండోది లేదు. కుండపెంకులు ఎక్కడైనా చూడొచ్చు.

రాగిరేకు:

పడవపిచ్చి గారూ, కుండపెంకులు అంటే మాత్రం ఊరుకోను.

హిస్టోరిస్కా మ్యూజియంలో, అంటే వాళ్ళ నాన్నగారు చూడాలంటున్న ఆ హిస్టరీ మ్యూజియంలోనే, భూమి కింద బంగారు గది అని ఒకటుంది. 1994లో తెరిచారు. 52 కిలోల బంగారం, 200 కిలోలకు పైగా వెండి ఉంటాయి. అక్కడున్న మూడు బంగారు కంఠాభరణాల ముందు నేను ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు. ఒకటి మూడు వరసలది, ఒకటి ఐదు, ఒకటి ఏడు. దాదాపు 1,500 ఏళ్ళ నాటివి. దూరం నుంచి చూస్తే ఒట్టి గొట్టాలు చుట్టినట్టు ఉంటాయి. ముక్కు అద్దానికి ఆనించి చూడండి, వరసకీ వరసకీ మధ్య సందుల్లో గోరంత లేని మనిషి బొమ్మలు, జంతువులు. భూతద్దాలు లేని రోజుల్లో ఆ పని ఎలా చేశారో!

ఇంత బంగారం ఒక్కచోట ఎందుకు చేరిందంటే, అక్కడ 17వ శతాబ్దం నుంచీ చట్టం ఉంది. పాత బంగారం, వెండి ఎవరికి దొరికినా రాజ్యానికి అప్పగించాలి, రాజ్యం దానికి డబ్బు కట్టివ్వాలి. ఊరికే లాక్కుంటే ఎవడిస్తాడు? కరిగించుకుంటాడు. డబ్బిచ్చారు కాబట్టి పొలం దున్నేవాడు కూడా తెచ్చి ఇచ్చాడు.

చలిజ్వరం:

నేను ఆ హిస్టరీ మ్యూజియం చూశానండీ. బయట నుంచి రాజుగారి కోటలా ఉంటుంది. లోపలికెళ్తే హాల్లో గడ్డం రాజు పెద్ద విగ్రహం. కానీ వైకింగులు ఒక్కరూ కనపళ్ళేదు, బంగారమూ లేదు. కుర్చీలు, గౌన్లు, బొమ్మరిళ్ళు ఉన్నాయి. మా ఆవిడకి నచ్చింది గానీ నాకు నిరాశే.

మంచులో_మామయ్య:

చలిజ్వరం గారూ, మీరు చూసింది నోర్డిస్కా మ్యూజియం. 😀 వాసాకి పక్కనే, యూర్గోర్డెన్ దీవి మీద ఉంటుంది. ఆ విగ్రహం గుస్తావ్ వాసా రాజుది, కార్ల్ మిల్లెస్ చెక్కింది. అందులో ఇళ్ళు, బట్టలు, పండగలు, అంటే మామూలు జనం ఎలా బతికారన్నది చూపిస్తారు. చాలామంది పడే పొరపాటే ఇది. నేనిక్కడికొచ్చి పదకొండేళ్ళయింది, మా ఇంటికొచ్చిన చుట్టాల్లో నలుగురు అలాగే తప్పు గుమ్మం ఎక్కారు.

అసలు హిస్టోరిస్కా ఎస్టర్‌మాల్మ్ అనే పేటలో, నార్వావేగెన్ అనే వీధిలో ఉంది. మెట్రో ఎర్ర లైన్‌లో కార్లాప్లాన్ స్టేషన్‌లో దిగితే నాలుగు అడుగులు. బయట నుంచి ఏమంత గొప్పగా ఉండదు, ఏదో పాత ఆఫీసు కట్టడంలా కనిపిస్తుంది. గుర్తు కావాలంటే ముందువైపు పెద్ద కంచు తలుపులు చూడండి. బ్రోర్ మార్క్‌లుండ్ చేసినవి, చరిత్ర ద్వారాలు అని పేరు.

ఇక మీ ప్రశ్నకి, గడపదాటినకాలు గారూ. రెండూ ఒకే రోజు బ్రహ్మాండంగా కుదురుతాయి. పొద్దున్నే హిస్టోరిస్కా. అక్కణ్ణుంచి నార్వావేగెన్ మీదే కిందికి నడవండి, రోడ్డు మధ్యలో రెండు వరసల చెట్ల కింద దారి ఉంటుంది. అక్టోబర్‌లో ఆకులన్నీ పసుపు. చివర నీళ్ళు కనిపిస్తాయి, వంతెన దాటితే యూర్గోర్డెన్. నాన్నగారి నడకతో కూడా పావుగంట పట్టదు.

ముందు మ్యూజియం, తర్వాతే ఓడ. ఎందుకంటే ఓడ చూశాక పిల్లకి ఇంకేమీ ఆనదు.

కొన్ని చిల్లర సంగతులు:

నగదు తేవద్దు. క్రోనా నోటు చేతిలో పట్టుకుని కాఫీ కూడా దొరకని చోట్లు చాలా ఉన్నాయి. అంతా కార్డే.

బస్సు, మెట్రో, ట్రామ్ అన్నిటికీ ఒకటే టికెట్, 75 నిమిషాలు చెల్లుతుంది. గేటు దగ్గర బ్యాంకు కార్డు తాకించినా తెరుచుకుంటుంది. పాపకి, 65 దాటితే నాన్నగారికి తగ్గింపు ఉంటుంది, వాళ్ళవి మాత్రం యాప్‌లో కొనండి. పాత ఊరి పక్కనున్న స్లుస్సెన్ నుంచి యూర్గోర్డెన్ వెళ్ళే పడవకీ అదే టికెట్టు చాలు. ఇది చాలామందికి తెలీక టూరిస్టు పడవకి బోలెడు పోస్తారు.

మధ్యలో కొన్నేళ్ళు హిస్టోరిస్కా ఉచితం, ఇప్పుడు పెద్దవాళ్ళకి టికెట్ ఉంది. పిల్లలకి అక్కడా లేదు, వాసాలోనూ లేదు. వేళలు ఋతువుని బట్టి మారతాయి, బయల్దేరే ముందు చూసుకోండి.

కబుర్లపోగు:

పాపతో వెళ్తున్నారు కాబట్టి ఒక మాట. హిస్టోరిస్కాలో గోట్లాండ్ యుద్ధం గదికి వెళ్ళే ముందు మీరొక్కరే తొంగి చూసి రండి. 1361 జులైలో డెన్మార్క్ రాజు వాల్డెమార్ గోట్లాండ్ దీవి మీద పడ్డప్పుడు వీస్‌బీ ఊరి గోడ బయట చచ్చిపోయిన రైతుల పుర్రెలు ఉన్నాయి. ఇనుప వలల టోపీ తొడిగినట్టే ఉన్నవి కూడా. మా వాడికి పదేళ్ళు, రెండు రాత్రులు లైటు వేసుకునే పడుకున్నాడు.

రాగిరేకు:

నిజమే, పిల్లలకి కష్టం. కానీ పెద్దవాళ్ళు తప్పక చూడాల్సిన గది అదే. మామూలుగా యుద్ధంలో గెలిచినవాడు శవాల మీది కవచాలు ఒలుచుకుపోతాడు. ఇక్కడ నడి వేసవి, చనిపోయినవాళ్ళు దాదాపు 1,800 మంది. కుళ్ళిపోతున్న శవాల్ని కవచాలతోనే గోతుల్లో వేసి పూడ్చేశారు. ఇరవయ్యో శతాబ్దంలో తవ్వితే అన్నీ అలాగే దొరికాయి. వాళ్ళలో కుర్రాళ్ళు, ముసలివాళ్ళు కూడా చాలామందే. ఊళ్ళోని వర్తకులు గోడ లోపల తలుపులు బిగించుకుని కూర్చున్నారు, తర్వాత రాజుకి లొంగిపోయారు. ఆ గోడకి ఇవతలా అవతలా ఉన్నవాళ్ళిద్దరూ ఒకే దీవి మనుషులు.

పడవపిచ్చి:

గోట్లాండ్ అంటే గుర్తొచ్చింది, ఆ 67 కిలోల వెండి నిధి కూడా ఇక్కడే ఉందా? అదుంటే నేను కూడా మాట మార్చుకుంటా.

రాగిరేకు:

లేదండీ. మీరంటున్నది స్పిల్లింగ్స్ నిధి, 1999లో దొరికింది. అది గోట్లాండ్‌లోనే, వీస్‌బీలోని మ్యూజియంలో ఉంది. మాట మార్చుకోవడానికి ఇంకో కారణం చెప్తాను. హెల్యో బుద్ధుడు.

పడవపిచ్చి:

బుద్ధుడా? స్వీడన్‌లోనా?

రాగిరేకు:

స్టాక్‌హోమ్‌కి పడమటగా మేలారెన్ సరస్సులో హెల్యో అని చిన్న దీవి. 1950లలో అక్కడ తవ్వుతుంటే 1956లో కంచు బుద్ధుడు బయటపడ్డాడు. తామర పీఠం మీద పద్మాసనం. ఎత్తు ఎనిమిది సెంటీమీటర్లు, అంతే. ఆరో శతాబ్దం ప్రాంతంలో కాశ్మీర్, స్వాత్ లోయ వైపు పోతపోసినదని పండితుల మాట. అదే చోట ఐర్లండ్ బిషప్ చేతికర్ర తలకట్టు, ఈజిప్టు వైపు నుంచి వచ్చిన కాప్టిక్ గరిటె కూడా దొరికాయి. మూడు దిక్కుల నుంచి వచ్చిన మూడు వస్తువులు, ఒకే చిన్న దీవిలో.

అది ఎవరు తెచ్చారో ఎవరికీ తెలీదు. ఒక్కడే మోసుకొచ్చి ఉండడు. రష్యా నదుల గుండా చేతులు మారి మారి వచ్చిందన్నది ఎక్కువమంది ఊహ. చేతిలోకి తీసుకున్న ఆఖరివాడికి అది బుద్ధుడని తెలిసి ఉంటుందా? నాకు నమ్మకం లేదు.

చలిజ్వరం:

ఎనిమిది సెంటీమీటర్లా! నా టీవీ రిమోట్ దానికి రెండింతలు.

మంచులో_మామయ్య:

అందుకే చాలామంది దాన్ని దాటుకుని వెళ్ళిపోతారు. లోపల సిబ్బందిని అడగండి, చూపిస్తారు. నేను రెండోసారి వెళ్ళినప్పుడు గానీ చూడలేదు.

వేదిక నిర్వాహకులు:

కొమ్ముల టోపీల మీద నడుస్తున్న గొడవని వేరే చర్చకి మార్చాం. తేలిన సంగతి ఒక్కటే: వైకింగులు కొమ్ముల టోపీలు పెట్టుకున్నట్టు ఆధారం లేదు, అవి 19వ శతాబ్దపు రంగస్థలం నుంచి వచ్చాయి. దయచేసి ఇక్కడ ప్రయాణం గురించే మాట్లాడండి.

గడపదాటినకాలు:

వెళ్ళొచ్చేశాం! అందరికీ పేరుపేరునా థాంక్స్. బాకీ తీరుస్తున్నా, కాస్త పెద్దగానే రాస్తాను.

శుక్రవారం గాలి, జల్లు. ఏం చేయాలో తోచక మెట్రో స్టేషన్లలోని బొమ్మలు చూస్తూ తిరిగాం. టీ-సెంట్రాలెన్‌లో నీలం తీగలు గీసిన గుహ, సోల్నా సెంట్రుమ్‌లో నెత్తి మీద ఎర్రటి ఆకాశం. పాపకి ఊరు నచ్చేసింది అక్కడే. నాన్నగారు "భూమి కింద ఇంత బాగుంటే పైకెళ్ళడం దేనికి" అన్నారు.

శనివారం తెరిచే వేళకి హిస్టోరిస్కా గుమ్మంలో ఉన్నాం. నాకున్న టెన్షన్ అంతా ఇద్దరి మధ్యా ఎలా నెగ్గుకురావాలన్నదే. కానీ జరిగింది వేరు. మొదట్లోనే బెకాస్కోగ్ మహిళ ఉంది కదా, సుమారు 9,000 ఏళ్ళ క్రితం ఇరుకు గోతిలో కూర్చోబెట్టి పాతిపెట్టిన మనిషి. 1939లో దొరికినప్పుడు పక్కన వేట సామాను చూసి మగవాడనుకున్నారు, జాలరి అని పేరు కూడా పెట్టారు. తర్వాత ఎముకలు పరీక్షిస్తే ఆడమనిషి, బిడ్డల్ని కన్న తల్లి అని తేలింది. పాప దాని ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత వైకింగుల విభాగంలో, బిర్కా అనే పాత వైకింగు పట్నంలో దొరికిన సమాధి గురించి నాన్నగారు చెప్పారు. 1878లో తవ్వారు, కత్తి, గొడ్డలి, బాణాలు, రెండు గుర్రాలు ఉన్నాయి, నూట ముప్పై ఏళ్ళకు పైగా యోధుడనుకున్నారు, 2017లో డీఎన్‌ఏ చూస్తే స్త్రీ అని. పాప నడుం మీద చేతులు పెట్టుకుని, "మళ్ళీ తప్పేనా తాతయ్యా?" అంది. అక్కడి నుంచి ఏ అస్థిపంజరం కనిపించినా "ఇది ఖాయంగా తెలుసా?" అని అడగడం, ఆయన కళ్ళజోడు సర్దుకుని బోర్డు చదవడం. ఇంకా ఎంతసేపు అన్న మాటే రాలేదు. గోట్లాండ్ గదికి మాత్రం నాన్నగారొక్కరే వెళ్ళారు. బయటికొచ్చి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

బంగారు గదిలో రాగిరేకు గారు చెప్పినట్టే ముక్కు ఆనించాం. అద్దం మీద మా ముగ్గురి ముక్కుల ముద్రలూ పడ్డాయి. పక్కనే సెయింట్ ఎలిజబెత్ అనే క్రైస్తవ పుణ్యవతి తలని భద్రపరచడానికి చేయించిన కిరీటం పాత్ర ఉంది. 1631లో జర్మనీలోని వూర్జ్‌బుర్గ్‌ని స్వీడన్ సైన్యం పట్టుకున్నప్పుడు కొల్లగొట్టి తెచ్చింది. నాన్నగారు అక్కడ ఆగిపోయారు. "రైతుకి దొరికితే డబ్బిచ్చి తీసుకున్నారు, సైనికుడు తెస్తే ఊరికే పెట్టుకున్నారు" అన్నారు. పక్కనున్న ఇద్దరు మా వైపు తిరిగి చూశారు. తెలుగు రాదులెండి.

బుద్ధుడి కోసం వెతికాం. మేం దాటి వెళ్ళిపోయాం కూడా. వెనక్కి వచ్చి ఒక ఉద్యోగిని అడిగితే నవ్వి, చేత్తో చూపించి ఊరుకోకుండా తీసుకెళ్ళి నిలబెట్టింది. ఎంత చిన్నగా ఉన్నాడంటే, అరచేతిలో పట్టేస్తాడు. కళ్ళు అరమూసి. నాన్నగారు చేతులు జోడించారు. నేను ఆయన్ని ఎక్కడా అలా చూడలేదు, గుళ్ళో కూడా స్తంభాల మీద శాసనాలే చదువుకునే మనిషి.

మధ్యాహ్నం నార్వావేగెన్ మీద నడిచి వాసాకి వెళ్ళాం. పడవపిచ్చి గారూ, మీ మాట కాదనను. చీకట్లో ఒక్కసారిగా ఆ ఓడ ఎదురైతే మాట పడిపోయింది. లోపల కాస్త చల్లగా, మసకగా ఉంచుతారు, స్వెటర్ ఉండాలి. ఓడ ఊగుతుందో లేదో చూద్దామని ముందే 30 మంది నావికుల్ని డెక్ మీద ఈ పక్క నుంచి ఆ పక్కకి పరుగెత్తించారట. ఇంకొంచెం పరుగెడితే రేవులోనే మునిగేదని ఆపించి, అయినా ప్రయాణం మాత్రం మానలేదు, రాజుగారు తొందరపెడుతున్నారని. విచారణ జరిగింది, ఎవరికీ శిక్ష పడలేదు. నాన్నగారికి ఈ ఘట్టం ఎందుకో చాలా నచ్చింది. హోటల్‌కి వచ్చాక కూడా తల్చుకుని నవ్వారు.

ఆ రోజు అక్టోబర్ 4. స్వీడన్‌లో దాల్చినచెక్క బన్నుల రోజట! ఎక్కడ చూసినా కానెల్‌బుల్లె వాసన. మూడు కాఫీ కొట్ల దగ్గర ఆగాం. దీన్ని ఫీకా అంటారని నేర్చుకున్నాం. ఊరికే కాఫీ తాగడం కాదు, కూర్చుని తాగాలి.

ఆదివారం గామ్లా స్తాన్, అంటే పాత ఊరు. మోర్టెన్ ట్రోట్సిగ్ సందు ఒకచోట 90 సెంటీమీటర్లే ఉంది, నాన్నగారు పక్కకి తిరిగి నడిచారు, అవసరం లేకపోయినా. స్టోర్‌టోర్యెట్ కూడలిలో 1520 నవంబర్‌లో డెన్మార్క్ రాజు రెండో క్రిస్టియన్ ఎనభై మందికి పైగా తలలు నరికించిన చోట ఇప్పుడు జనం వేడి చాక్లెట్ తాగుతున్నారు. ఫిన్నిష్ చర్చి వెనక పెరట్లో 15 సెంటీమీటర్ల ఇనుప పిల్లాడు ఉన్నాడు, మోకాళ్ళు ముడుచుకుని ఆకాశం వైపు చూస్తూ. ఎవరో ఊలు టోపీ పెట్టారు. పాప వాడికి బన్ను ముక్క పెట్టింది.

ఇక్కడ నా గోడు ఒకటి. అదే సందుల్లో ఒక కొట్లో పాప కోసం కొమ్ముల టోపీ కొన్నాను, తగ్గింపు అని బోర్డు పెట్టి బిల్లులో పూర్తి ధర వేశారు. అడిగితే తగ్గింపు నిన్నటితో అయిపోయిందన్నారు. పాపే నన్ను ఓదార్చింది, "ఎలాగూ అది అబద్ధం టోపీయే కదమ్మా" అని.

కబుర్లపోగు:

చదువుతుంటే నేనూ మీతో తిరిగినట్టుంది. పిల్ల ప్రశ్న భలే ఉంది. బిర్కా సమాధి మీద ఇంకా వాదన ఉంది కదా, ఆయుధాలు పక్కన పెట్టినంత మాత్రాన ఆమె యుద్ధం చేసినట్టేనా అని?

రాగిరేకు:

ఉంది. డీఎన్‌ఏ స్త్రీ అని చెప్తుంది, యోధురాలని చెప్పదు. కానీ మగవాడనుకున్న రోజుల్లో ఈ అనుమానం ఎవరికీ రాలేదు చూశారా?

గడపదాటినకాలు గారూ, ప్రెస్ట్‌గాటన్ మూల మీద గోడలో పొదిగిన రూన్ శాసనం, అంటే వైకింగుల కాలపు లిపిలో చెక్కిన రాయి, చూశారా? కోక్‌బ్రింకెన్ సందు కలిసేచోట. ఇల్లు కట్టేవాడు రాయి బాగుందని వాడేశాడు. కొడుకు జ్ఞాపకార్థం తల్లిదండ్రులు వేయించిన శాసనం అది.

గడపదాటినకాలు:

చూడకుండా ఎలా ఉంటాం, నాన్నగారు ఉన్నారుగా! దాని దగ్గరే గోడకి పాత ఫిరంగి గొట్టం నిలబెట్టి ఉంది. బళ్ళు మూలకి తగలకుండా అనుకుంటా.

ఒకటి రాయడం మర్చిపోయాను. సాయంత్రం స్లుస్సెన్ దగ్గర ఆగాం. ఒకవైపు మేలారెన్ సరస్సు, ఒకవైపు సముద్రం. సరస్సు మట్టం కాస్త ఎత్తు, అర మీటరు పైచిలుకు. వైకింగుల కాలంలో ఈ తేడా లేదని, అదంతా సముద్రపు పాయేనని, మంచుయుగంలో మంచు బరువుకి కుంగిన నేల ఇప్పటికీ ఏడాదికి దాదాపు అర సెంటీమీటరు లేస్తోందని నాన్నగారు చెప్పారు. నేల లేచేకొద్దీ పాయ మూసుకుపోయి సరస్సయింది, ఆ ఇరుకు దారిని కాపలా కాయడానికి 1252 ప్రాంతంలో అప్పటి స్వీడన్ పాలకుడు బిర్యెర్ యార్ల్ ఈ ఊరు పెట్టించాడు. "ఆ బుద్ధుడు వచ్చినప్పుడు ఇక్కడ ఊరు లేదమ్మా. పడవ ఈ పక్క నుంచే పోయుంటుంది" అన్నారు. చీకటి పడే దాకా అక్కడే నిలబడ్డాం. ఊరంతా కనిపించే మోంటెలియస్‌వేగెన్ కొండ దారి చూడటం మాత్రం కుదరలేదు, విమానానికి టైమయిపోయింది.

మంచులో_మామయ్య:

పదకొండేళ్ళుగా రోజూ ఆ స్లుస్సెన్ మీదుగా ఆఫీసుకి వెళ్తున్నాను. రేపు కాసేపు ఆగి చూస్తాను. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. కొండ దారి ఎక్కడికీ పోదు, ఈసారి వేసవిలో రండి, రాత్రి పది దాకా వెలుగే. సిటీ హాల్ పక్క రేవు నుంచి బిర్కా దీవికి పడవ కూడా ఉంటుంది.

పడవపిచ్చి:

పడవా? ఎంతసేపు?

మంచులో_మామయ్య:

పోను దాదాపు రెండు గంటలు. వేసవిలోనే.

చలిజ్వరం:

నేను ఫిబ్రవరిలో వెళ్తున్నానండీ. ఈసారి సరైన మ్యూజియం గుమ్మమే ఎక్కుతా. ఎన్ని స్వెటర్లు పట్టుకెళ్ళమంటారు?

వేదిక నిర్వాహకులు:

చలిజ్వరం గారూ, స్వెటర్లకి కొత్త థ్రెడ్ తెరవండి.